కట్ట మీద బంద్

గండిపేట
20 ఏప్రిల్ 1969

తమ్ముడు సాలోమోనుకు, ఆదివారం ఆరాధన అయ్యాక గడప మీద కూర్చుని నీ అక్క శాంతమ్మ రాస్తున్నది.

మూడు నెలలైంది నీ దగ్గర నుంచి ఒక్క ముక్క లేదు. కాకినాడలో సిరా దొరకదా, లేక చేపల ఆఫీసులో నీకు ఇచ్చిన సిరా అంతా ఆ చేపలే తాగేస్తున్నాయా? క్రిస్మస్‌కు వచ్చినప్పుడు "రాస్తానండీ అక్కా" అన్నావు. ఆ "అండీ" విన్నప్పుడే అనుకున్నాను, పిల్లవాడు చేజారిపోయాడని.

ఇక్కడ పట్నంలో రోజూ గొడవలే. తెలంగాణ కావాలని పిల్లలు బడులు వదిలేశారు. ఈ రోజు బంద్ అంటారు, రేపు లేదంటారు, ఎల్లుండి మళ్లీ బంద్. పక్కింటి ఎల్లేశ్ పట్నం పోయి నినాదాలు చేసి గొంతు పోగొట్టుకుని వస్తాడు. ఏ రోజు బంద్ ఉన్నదో వాడే ఊరందరికీ చెప్పాలి, ఆ గొంతుతో.

అసలు సంగతి ఇది. మీ బావ పడవ నీకు తెలుసు కదా, ఇరవై రెండేళ్లుగా పట్నం దొరలు గాలాలు పట్టుకుని వస్తే ఎక్కించుకుని చెరువులోకి తీసుకుపోతాడు. మన ఇంటి తిండి ఆ పడవే. మొన్న చెరువు ఆఫీసువాళ్లు కట్ట మీద తూము పక్కన కొత్త బోర్డు పాతారు. పైన ఉర్దూ, కింద ఇంగ్లీషు, తెలుగు కోసం అడుగున జాగా ఖాళీగా వదిలారు. మీ బావకు వచ్చింది ఉర్దూ ఒక్కటే కదా, నిలబడి చదివి వచ్చాడు. "బంద్ పర్ కిష్తీ కిరాయే పర్ చలానా మనా హై" అని ఉన్నదట.

"అంటే ఏంది?" అన్నాను.

"బంద్ ఉన్ననాడు పడవ కిరాయికి నడపొద్దని. గంతే."

"బంద్ ఉన్ననాడు బస్సులే రావు. గిరాకీ ఎక్కడికెళ్లి వస్తది? గీ మాత్రం సర్కారుకు తెల్వదా?"

"సర్కారు గట్లనే ఉంటది. మనకేం ఫికర్?" అని అన్నం పెట్టమన్నాడు.

నువ్వు చేపల ఆఫీసులో ఉన్నావు కాబట్టి అడుగుతున్నాను. సముద్రం దగ్గర కూడా ఇట్లాంటి బోర్డు ఉన్నదా? మీ పెద్ద గుమాస్తాను అడిగి రాయి. నల్ల కోడి పొదిగింది, పదకొండు గుడ్లకు తొమ్మిది పిల్లలు.

నీ రాక కోసం చూసే
అక్క

*

కాకినాడ
4 మే 1969

అక్కకు, బావకు సాలోమోను చేతులు జోడించి రాసేది.

నీ ఉత్తరం పన్నెండు రోజులకు చేరింది. దారిలో రైలు పట్టాల మీద ఎవరో కూర్చున్నారట. "అండీ" గురించి నన్ను ఏడిపించవద్దు. ఇక్కడ ఆ ముక్క లేకపోతే టీ కూడా పోయరు. ఈ మధ్య అది ఉన్నా సరిగ్గా పోయడం లేదు. "మీ ఊరికి ఎప్పుడు వెళ్తున్నారండీ?" అని నవ్వుతూ అడుగుతారు. నవ్వు ఎటువంటిదో నాకు అర్థం కావడం లేదు.

మా పెద్ద గుమాస్తాను అడిగాను. "బోటు బంద్ అంటే చేపలు గుడ్లు పెట్టే కాలం వచ్చిందన్నమాట. వానలు వెళ్లేదాకా మూడు నెలలు బోటు దించకూడదు, దించితే లైసెన్సు పోతుంది" అన్నాడు. కాబట్టి బావను వెంటనే పడవ ఒడ్డుకు లాగి పెట్టమను. సర్కారు బోర్డుతో ఆటలొద్దు. ఇక్కడ చూస్తూనే ఉన్నాను. కొత్తగా మోటారు బోట్లు వచ్చాయి, షావుకార్లను కిరాయికి తీసుకెళ్లి చేపలు పట్టిస్తాయి. తీరం దగ్గరకు రావద్దని వాటికో నియమం పెట్టారు. బోటువాళ్లు లోపలికి పోతే కిరాయి గిట్టదంటారు, తెప్పలవాళ్లు మా వలలు తెంపుతున్నారని ఏడుస్తారు. ఇద్దరూ వచ్చి నా బల్ల ముందే అరుస్తారు. నేను ఇద్దరికీ తల ఊపుతాను.

మూడు నెలలే కదా, ఓర్చుకోండి.

మీ
సాలోమోను

*

గండిపేట
22 మే 1969

సాలోమోనుకు అక్క రాసేది. ఈసారి దీవెన చివర్లో ఇస్తాను, ముందు తిట్లు.

నీ మాట విని మీ బావ పడవను ఒడ్డుకు లాగి బోర్లించాడు. తొమ్మిది రోజులు. ఈ మే ఎండకు పలకలు ఎండి సందులు పడ్డాయి, వేలు దూరేంత. తొమ్మిది రోజులూ పట్నం దొరలు వచ్చి చూసి తిరిగిపోయారు. ఒక దొర అయితే "క్యా స్వామిదాస్, బూఢా హో గయా?" అని కూడా అన్నాడట. ముసలోడివయ్యావా అన్న ఆ మాటకు మీ బావ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అన్నది నేనా?

పదో రోజున మళ్లీ పోయి బోర్డు చదివి వచ్చాడు.

"మూడు నెలలని యాడ ఉన్నది? నెల మాటే లేదు. బంద్ అని ఉన్నది, బంద్. నీ తమ్మునికి సముద్రం గాలి సోకింది" అన్నాడు. సందుల్లో పీచు దూర్చి, తారు పూసి, పడవ దించాడు. ఇప్పుడు పద్ధతి ఏమిటంటే, పొద్దున్నే ఎల్లేశ్‌ను అడుగుతాడు. బంద్ ఉన్నదంటే ఇంట్లో కూర్చుంటాడు. లేదంటే తెడ్లు భుజాన వేసుకుని పోతాడు. నిన్న ఎల్లేశ్‌కు గొంతు అసలే రాలేదు, చేత్తో సైగ చేశాడు. అది "ఉన్నది" సైగనా "లేదు" సైగనా అని మొగుడూ పెళ్లాం గంటసేపు కొట్లాడుకున్నాం.

నువ్వు చెప్పిందొకటి, బోర్డు చెప్పేదొకటి. నాకైతే తల తిరుగుతున్నది. కోడిపిల్లల్లో రెండింటిని గద్ద ఎత్తుకుపోయింది. దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

అక్క

*

(కార్డు)
గండిపేట
29 మే 1969

తమ్ముడికి. మీ బావను నిన్న పట్టుకున్నారు. బంద్ కేసు అంటున్నారు. పడవకు గొలుసు వేశారు. నాకేమీ తోచడం లేదు. నీకు తెలిసిన పెద్దలెవరన్నా ఉంటే చెప్పు.

శాంతమ్మ

*

కాకినాడ
7 జూన్ 1969

అక్కా,

నీ కార్డు చేతికి వచ్చేసరికి ఆఫీసంతా చదివేసింది. అటువంటి సంగతి కార్డు మీదా రాసేది? కవరు దొరకలేదా? "బంద్ కేసు" అన్న మాట చూసి పెద్ద గుమాస్తా నన్ను లోపలికి పిలిచి తలుపు వేశాడు. "మీ బావగారు ఉద్యమంలో ఉన్నారా?" అన్నాడు. లేదండీ, పడవలో ఉంటాడండీ అన్నాను. నమ్మలేదు. ఇప్పుడు నా పేరు సాలోమోను కాదు, "బంద్‌గారి బావమరిది."

బావకేం పుట్టింది? జీవితంలో ఎన్నడూ గొంతెత్తని మనిషి, గుడిలో పాట కూడా పెదవులతోనే పాడతాడు. ఆయన పోయి నినాదాలు చేశాడా? ఏ జైలులో పెట్టారు? చంచల్‌గూడాలోనా? దెబ్బలు తగిలాయా? నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. ఆయన కోసం ఒక రాత్రి, నా ఉద్యోగం కోసం ఒక రాత్రి. దాచకుండా చెబుతున్నాను, రెండో రాత్రే ఎక్కువ భయపడ్డాను. సిగ్గుగా ఉంది.

వెంటనే పాస్టరుగారి దగ్గరకు పో. స్వామిదాసు ఉద్యమంలో లేడని ఆయన చేత రాయించి ఆఫీసులో ఇవ్వు. జవాబు కవరులో పెట్టు, కవరు అంటించు.

సాలోమోను

*

గండిపేట
19 జూన్ 1969

సాలోమోనుకు,

కవరు అంటించాను, అన్నం మెతుకులతో. సంతోషమేనా?

జైలు అని ఎవరన్నారు నీకు? పట్టుకున్నారు అన్నాను. పట్టుకుని, పడవ గుంజుకుని, ఇంటికి పొమ్మన్నారు. ఆయన ఇంటికి వచ్చి పల్లి చట్నీతో రెండు జొన్న రొట్టెలు తిని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నువ్వు చంచల్‌గూడా దాకా పోయావు.

జరిగింది చెబుతాను, పడవలో ఉన్న పట్నం దొరలు నాకు చెప్పినట్టే. ఆ రోజు బంద్ లేదు. ఎల్లేశ్ నోటితోనే చెప్పాడు. మీ బావ ఇద్దరు దొరలను ఎక్కించుకుని ఎప్పటిలాగే తూము దగ్గరికి పోయాడు. బొచ్చె చేపలు, రవ్వ చేపలు అక్కడే మూగుతాయి కదా. చెరువు ఆఫీసు సారు కట్ట మీద నుంచి కేకేశాడు. మీ కోస్తా వైపు మనిషి, వచ్చి ఏడాది కాలేదు.

"ఏమయ్యా, బోర్డు చదవలేదా?"

"చదివిన సార్. ఇయ్యాల బంద్ లేదు గద!"

"లేకపోవడమేంటయ్యా? నీ నెత్తి మీదే ఉంది, చూడు!"

"నా నెత్తి మీద మీరే ఉన్నరు సార్."

"వెటకారమా? ఇంత పొడుగునా కనబడుతుంటే లేదంటావేంటి?"

"నిన్న ఉండె సార్. రాత్రే తీసేసిన్రు."

"తీసేశారా!" అని సారు నిజంగానే వెనక్కి తిరిగి చూసుకున్నాడట. దొరలు నవ్వారు. ఆ నవ్వే మా కొంప ముంచింది. సారు ముఖం ఎర్రబడి, "మీ ఉద్యమం నా దగ్గర చూపిస్తారా?" అని పడవకు గొలుసు వేయించాడు. జూలై పదిహేనులోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వకపోతే లైసెన్సు రద్దు, పడవ వేలం. కాగితం ఇచ్చాడు.

నువ్వు చెప్పావని పాస్టరుగారి దగ్గరకు పోయాను. "ఇతడు ఉద్యమంలో లేడు" అని ఆయన రాసి ఇచ్చాడు. అది చూసి సారు ఇంకా కోపానికి వచ్చాడు. "నేను పడవ గురించి అడిగితే ఉద్యమం గురించి ఎందుకు రాశారు? అంటే ఏదో ఉందన్నమాట" అన్నాడు. నీ సలహాలు ఇక చాలు నాయనా.

కానీ ఒక్కటి చేసిపెట్టు. బోర్డు మీది ఇంగ్లీషు చివరి మాటను చూసి గీసుకొచ్చాను. నాకు ఇంగ్లీషు రాదు, బొమ్మలా చెబుతాను. మొదటి అక్షరానికి రెండు కడుపులు. రెండోది లోటా లాంటిది. మూడోది నిచ్చెన విరిగినట్టు, రెండు గుంజల మధ్య వాలిన కర్ర. నాలుగోదానికి ఒకటే పెద్ద కడుపు. అంతే, నాలుగే. దాని తర్వాత 3, రెండు సున్నాలు. ఉర్దూలో ఆ అంకె లేదట. ఇది ఏమిటో చెప్పు. ఆ పడవ వేలానికి పోతే మీ బావ మనిషిగా మిగలడు, ఇది నేను ఊరికే అనడం లేదు. ఈ ఇరవై రోజుల్లో ఆయన తెడ్లు కడగడం మూడుసార్లు చూశాను. పడవ లేదు, తెడ్లు కడుగుతున్నాడు.

అక్క

*

కాకినాడ
1 జూలై 1969

అక్కా,

కవరు చింపి నిలబడే చదివాను. రెండు కడుపులది బీ. లోటా యూ. విరిగిన నిచ్చెన ఎన్. ఒక్క కడుపుది డీ. బండ్!

బండ్ అంటే కట్ట, అక్కా. చెరువు కట్ట! దుకాణాలు మూసే బంద్‌కు 'ఏ' అని గుడారంలాంటి అక్షరం ఉండాలి, నువ్వు గీసినదాంట్లో గుడారం లేదు. ఆ 3, రెండు సున్నాలు గజాలై ఉంటాయి. కట్టకు మూడు వందల గజాల లోపల కిరాయి పడవ నడపకూడదు, బోర్డు చెప్పేది ఇదే. బావ బంద్ లేదంటుంటే సారుకు కట్ట లేదన్నట్టు వినిపించింది. అందుకే పాపం వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

నేను గట్టిగా నవ్వాను. పెద్ద గుమాస్తాకు చెబితే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మరీ నవ్వాడు. నాలుగు నెలల తర్వాత ఆఫీసులో నాకు ఎవరో సరిగ్గా టీ పోయించారు. సగం తాగాక నవ్వు ఆగిపోయింది. కట్ట దగ్గర కాకపోతే బావ పడవ ఎక్కడ నడుపుతాడు? బస్సు దిగేది కట్ట దగ్గరే, దొరలు కూర్చునేది కట్ట దగ్గరే, చేపలు మూగేది అక్కడే. మిగతా ఒడ్డంతా మోకాలి లోతు బురద. ఈ బోర్డు ఒక రోజుకో నెలకో కాదు. ఇక ఎప్పటికీ అంతే.

దీనితో పాటు ఇంగ్లీషులో జవాబు రాసి పంపుతున్నాను. బావ బోర్డును తప్పు చదివాడని, ఇకపై కట్ట దగ్గరకు రాడని ఉంది. బావ చేత సంతకం పెట్టించి పదిహేనులోగా సారుకు ఇవ్వు. బావకు నెమ్మదిగా చెప్పు. ఎట్లా చెప్పాలో మాత్రం నన్ను అడగకు.

సాలోమోను

*

గండిపేట
20 జూలై 1969

తమ్ముడు సాలోమోనుకు అక్క శాంతమ్మ,

నీ ఉత్తరం పన్నెండున వచ్చింది. పద్నాలుగున బస్సుల్లేవు, అసలు బంద్ ఆ రోజే వచ్చిపడింది. సారు ఇల్లు కట్ట అవతల కొసన. నడుచుకుంటూ పోయి ఇచ్చాను. మీ బావను గేటు బయటే నిలబెట్టాను. సారు నీ ఇంగ్లీషు చదివి, మొదట మూతి బిగించి, తర్వాత ఆపుకోలేక నవ్వాడు. "మీ తమ్ముడు కాకినాడలోనా అమ్మా? మాది పక్కనే పిఠాపురం. ఈ ఊళ్లో రెండు నెలలుగా నాతో ఎవరూ మాట్లాడటం లేదండీ" అన్నాడు. మంచినీళ్లు ఇచ్చాడు. పడవ వదిలేశాడు. లైసెన్సు కూడా ఉన్నది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. తిట్టదలచుకుంటే తిట్టు.

నీ ఉత్తరాలన్నీ నేను చదివితేనే కదా మీ బావ వినేది, ఆయనకు తెలుగు అక్షరం రాదు. ఉత్తరం వచ్చిన రోజు కూడా దీపం పెట్టకముందే కూర్చోబెట్టి చదివాను. "బండ్ అంటే కట్ట" దగ్గరకు వచ్చేసరికి తల ఎత్తి చూశాను. ఆయన మోకాళ్ల మీద తెడ్డు పెట్టుకుని, నీ ఉత్తరంలో నుంచి ఏదో దిగి వస్తుందన్నట్టు నా నోటివైపు చూస్తున్నాడు. ఆ ముక్క దాటేశాను. "బంద్ అంటే బంద్" అని చదివేశాను. ఈ గొడవలు అయిపోయేదాకా కట్ట దగ్గర పడవ నడపకూడదట, అయిపోయాక ఎప్పటిలాగే నడుపుకోవచ్చట అని నీ పేరు మీద నేనే కల్పించి చదివాను.

బంద్ అయితే ఏదో ఒకనాడు అయిపోతుంది. కట్ట అట్లనే ఉంటుంది కదా తమ్ముడా. ఆ మాట ఆయనకు ఎట్లా చెప్పను?

విని "గట్లనా" అన్నాడు. అంతే. లేచి పోయి కోడిపిల్లలను గంప కింద కమ్మాడు.

నా మీద దయ ఉంచి వచ్చే ఉత్తరంలో నువ్వు కూడా బంద్ అనే రాయి. నా నోటితో ప్రతిసారీ అబద్ధం చదవలేను. నువ్వు రాస్తే ఉన్నది ఉన్నట్టు చదువుతాను.

అక్క

*

కాకినాడ
2 ఆగస్టు 1969

బావకు సాలోమోను వందనాలు.

పడవ వచ్చిందని తెలిసి సంతోషించాను. మా పెద్ద గుమాస్తాను మళ్లీ అడిగాను. అది బంద్ సంగతే. ఉద్యమం చల్లబడ్డాక బోర్డు తీసేస్తారు. అప్పటిదాకా కట్ట వైపు పోవద్దు. ఫికర్ చేయకండి.

ఇక్కడ మోటారు బోట్ల పంచాయితీ ఇంకా తెగలేదు. అక్కా, బావకు ఇది రెండుసార్లు చదివి వినిపించు.

సాలోమోను

*

(కార్డు, ఉర్దూ లిపిలో)
గండిపేట
17 ఆగస్టు 1969

సాలోమోనుకు నీ బావ స్వామిదాసు రాసుకునేది.

తెలుగు మాటలే ఉర్దూ హరఫులల్ల రాస్తున్న. నువ్వు నాలుగో జమాత్ దాక ఉర్దూల చదివినవు, మెల్లగ కూడబలుక్కో. కార్డు మీదనే రాస్తున్న. మీ ఆఫీసుల ఎవరు చదువుతరో చదువమను. ముఖ్యంగ మీ అక్క చదువలేదు, అందుకే గిట్ల రాస్తున్న.

బోర్డు మీది ఆ మాటకు హరఫులు మూడే: బే, నూన్, దాల్. ఉర్దూల దుకాణం మూస్తే అదే రాస్తరు, చెరువు కట్టకు గూడ అదే రాస్తరు. హరఫు తేడా లేదు. బోర్డు పాతిననాడే నాకు రెండు మతలబులు తోచినయి. కట్ట అనుకుంటే ఆనాడే నా పని ఖతం. బంద్ అనుకుంటే బతుకొచ్చు. బతికేదాన్నే పట్టుకున్న. సారు కట్ట మీదికెళ్లి ఒర్రుతుంటె గూడ దాన్నే పట్టుకున్న. తప్పు నాదే, సారుది గాదు.

నీ ఉత్తరం చదువుకుంట మీ అక్క ఆ మాటకాడ ఆగింది. ఇరవై రెండేండ్లల ఉత్తరం చదువుకుంట ఆమె ఎన్నడు ఆగలే. నా మొఖం దిక్కు చూసి బంద్ అన్నది. నాకప్పుడే సమజైంది. ఏడుపొచ్చింది, కోడిపిల్లలను కమ్మే నెపంతోని బయటికి పోయిన.

నిన్న మన ఊరి హన్మయ్య ఎడ్లబండి మీద పడవను మొయినాబాద్ దిక్కు ఒడ్డుకు తోలిన. అంత బురదనే. నడుములకాడికి దిగి దారి చేస్తున్న, రాళ్లు పరుస్తున్న. గిరాకీ ఎవరొస్తరో, వస్తరో రారో తెల్వది. మీ అక్కకు మాత్రం, బంద్ అయిపోయినంక మల్ల కట్టకాడికే పోదమని చెప్పిన. ఆమె సరే అన్నది. ఆమె మనసు జర కుదుట పడ్డది.

నువ్వు గూడ ఆమెకు గట్లనే రాయి. బంద్ అనే రాయి.

స్వామిదాసు